ళ ఎక్కడ దాచారు?

"మీ ‘ళ’ ఎక్కడికీ పోలేదండీ. ‘ల’ కిందే ఉంది. కాస్త నొక్కి పట్టుకుంటే బయటికొస్తుంది."

అతను నాతో అన్న మొట్టమొదటి మాట ఇది. ఎంతో చల్లగా, ఎంతో మర్యాదగా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

హాలు నిండా జనం. ఫోన్లన్నిటిలోనూ, మన భాషలన్నిటికీ ఒకే పద్ధతిలో కీబోర్డ్ ఉండాలని ఒక కమిటీ వేశారు. వాళ్ళు తయారు చేసిన నమూనా మీద అభ్యంతరాలున్న వాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చన్నారు. పొడుగు బల్ల వెనక చైర్మన్ గారు, ఆయన పక్కన కళ్ళజోడుతో ఇతను. ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించిన డిజైనర్ ఇతనే.

"పట్టుకోలేని వాళ్ళ సంగతేంటి?" అన్నాను మైకులో.

"ఒక్క క్షణం చాలండీ."

"మా నాన్న వేలు ఆ ఒక్క క్షణం నిలవదు. వణుకుతుంది."

మా నాన్న రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్‌గా పనిచేశారు. ఆయన గొంతు వినపడితే కూలీలు కూడా బీడీ ఆర్పి నిలబడేవారట. గొంతుకి ఆపరేషన్ చేసి మాట తీసేశాక, ఫోనే ఆయన గొంతయింది. ఆయన టైప్ చేస్తారు, ఫోన్ పైకి చదువుతుంది. పాత కీబోర్డ్‌లో ‘ళ’కి సొంత బటన్ ఉండేది. వణికే వేలితోనైనా గురి చూసి తాకేవారు. ఒకరోజు పొద్దున, కమిటీ నమూనాని ట్రయల్‌గా పెడుతూ ఫోన్‌లో అప్‌డేట్ వచ్చింది, ఆ బటన్ మాయమైంది.

అదే రోజు కళ్ళు మండుతున్నాయని మందుల షాపుకి వెళ్ళారు. ‘కళ్ళు. మందు కావాలి’ అని టైప్ చేశానని ఆయన అనుకున్నారు. ఫోన్ మాత్రం షాపంతా దద్దరిల్లేలా, "కల్లు. మందు కావాలి" అంది.

"పొద్దున్నే రెండూనా పెద్దాయనా? ఏదో ఒకటి చెప్పండి" అన్నాడట కౌంటర్‌లో వాడు. షాపంతా నవ్వింది. నాన్న మందు లేకుండానే ఇంటికొచ్చి, ఫోన్ బోర్లా పెట్టేశారు. ఆ రోజు నుంచి ఒక్క మాట కూడా టైప్ చేయలేదు. మా ఇంట్లో టైప్ చేయకపోవడమంటే మాట్లాడకపోవడమే.

ఇదంతా మైకులో చెప్పాను. ‘కల్లు, మందు’ దగ్గరికొచ్చేసరికి హాలు కూడా గొల్లుమంది. ఎవరి చెంప పగలగొట్టాలో తెలియక మైకు గొంతు పిసికాను. బల్ల వెనక అతనొక్కడే నవ్వలేదు. చూశాను గానీ, ఆ కోపంలో దాన్ని లెక్కలో వేసుకోలేదు.

"ఆ పై వరసలో దర్జాగా కూర్చుందే, ‘ఙ’! దాంతో మీరు పుట్టాక ఎన్ని మాటలు రాశారు?"

అతను నిజంగానే ఆలోచించాడు. "ఒక్కటీ రాయలేదండీ."

"మరి దానికి సింహాసనం, ‘ళ’కి తలుపు చాటూనా?"

"క, ఖ, గ, ఘ, ఙ. మన లిపులన్నిటికీ ఇదే వరస. ఒక భాషలో టైపింగ్ వచ్చినవాళ్ళు ఇంకో భాషలో అక్షరాలు వెతుక్కోకూడదని అలా ఉంచాం. పోనీ ఇంకో బటన్ పెంచుదామంటే అన్నీ చిన్నవవుతాయి. చిన్నవైతే మీ నాన్నగారికే ఇంకా కష్టం."

అందులో తప్పేం లేదు. తప్పు మాట్లాడేవాడి మీద కోపం వస్తే అరిచి చల్లారచ్చు. ఒప్పు మాట్లాడేవాడి మీద వచ్చే కోపం ఎక్కడ పెట్టుకోవాలి?

"ఒకసారి మా ఇంటికొచ్చి చూడండి. అప్పుడు చెప్పండి, నొక్కి పట్టుకోమని!" అనేసి, అడ్రస్ కూడా మైకులోనే చెప్పి బయటికి నడిచాను.

* * *

సినిమాలకి సబ్‌టైటిల్స్ రాయడం నా ఉద్యోగం. రోజంతా కీబోర్డ్ మీదే బతుకు కాబట్టి, కమిటీ తర్వాతి మీటింగ్‌కి నన్ను కూడా పిలిచారు. వరండాలో నడుస్తుంటే వెనక నుంచి ఎవరో పరిగెత్తుకొస్తున్నారు.

"మల్లి గారూ! మల్లి గారూ!"

ఆ మల్లి ఎవరో వినిపించుకోదేం అనుకుంటూ నడిచాను. అతను రొప్పుతూ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఎంతసేపని పిలవాలండీ మల్లి గారూ?"

"మల్లి ఎవరు?"

"మీరే కదా?"

"నా పేరు హాల్లో మైకులో చెప్పాను. చెవులకి కూడా అప్‌డేట్ వచ్చిందా?"

"అది బయటి పేరు, ఇంట్లో మల్లి అంటారేమో అనుకున్నాను. మీ నాన్నగారే అలా పిలిచారు."

నా కాళ్ళు ఆగిపోయాయి. "నాన్న మీతో మాట్లాడారా? ఎప్పుడు?"

"ఆ మీటింగ్ మర్నాడే వచ్చాను. మీరు ఆఫీసులో ఉన్నారు. మీ అమ్మగారు చెప్పలేదా? చాలాసేపు కూర్చున్నాను. ఆయన ఫోన్ ముట్టుకోలేదు. నేను లేచి బయల్దేరుతుంటే మాత్రం తీసి టైప్ చేశారు. ‘మల్లి రా’ అంది ఫోన్. మీరు ఆఫీసు నుంచి వచ్చేశారు కాబోలు, మిమ్మల్ని పిలుస్తున్నారేమో అనుకున్నాను. వంటింట్లోంచి అమ్మగారు వచ్చారు. నాకేమీ అర్థం కాక, దణ్ణం పెట్టి వచ్చేశాను."

మల్లి రా.

‘ళ’ కావాలంటే నొక్కి పట్టుకోవాలి. గుడి దీర్ఘం కావాలన్నా గుడిని నొక్కి పట్టుకోవాలి. రెండూ నాన్న వల్ల కావు.

"అది మల్లి రా కాదు మహానుభావా!" నా అరుపుకి వరండా చివర ప్యూన్ తిరిగి చూశాడు. "మళ్ళీ రా! మిమ్మల్ని మళ్ళీ రమ్మన్నారు. అన్నాళ్ళ తర్వాత ఆయన నోరు విప్పి అన్న మొదటి మాట. మీరు దాన్ని నాకు పేరు పెట్టి వచ్చేశారు!"

అతని మొహంలో రంగు దిగిపోయింది.

"నేను వెళ్ళలేదండీ" అన్నాడు మెల్లగా. "మళ్ళీ వెళ్ళలేదు."

నాన్న రోజూ సాయంత్రం కుర్చీ గుమ్మం వైపు తిప్పి పెట్టించుకుంటున్నారు. గాలి కోసమనుకున్నాం. ఆ సంగతి అతనికి చెప్పాను. గుచ్చుకోవాలనే చెప్పాను, గుచ్చుకుంది. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడు. నాకు అతని మీద జాలి వేసింది, జాలి వేసినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

మీటింగ్ సంగతి మర్చిపోయి తిన్నగా మా ఇంటికి బయల్దేరాడు. నేనూ వెనకే వెళ్ళాను, తోవ తెలిసినా గుమ్మం దగ్గర ధైర్యం చాలదేమోనని.

"నాతో చెప్పలేదేం?" అని వంటింట్లో అమ్మని నిలదీశాను.

"చెప్తే అరుస్తావని" అంది అమ్మ. "ఇప్పుడు అరుస్తున్నావుగా, సరిపోయింది."

* * *

ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చేవాడు. నాన్న పక్కన స్టూల్ వేసుకుని, ఆయన వేలు ఎక్కడ పడుతోంది, ఎక్కడ జారుతోంది అని కళ్ళప్పగించి చూసేవాడు. బటన్లు అటూ ఇటూ మార్చి తెచ్చేవాడు. నేను తప్పులు పట్టేదాన్ని. అతను సమాధానం చెప్పేవాడు. ఇంకో నాలుగు తప్పులు పట్టేదాన్ని.

"ఙ ని లోపలికి తోసేయండి. దాని కుర్చీలో ళ కూర్చుంటుంది. ఞ ని కూడా తోసేయండి, గుడి దీర్ఘానికి చోటొస్తుంది."

నాన్న నా మోచేతి మీద తట్టారు. తర్వాత ఓపిగ్గా టైప్ చేశారు. "జ్ఞాపకం" అంది ఫోన్.

"చూశారా మల్లి గారూ? ఞ లేకపోతే జ్ఞాపకం ఉండదు" అన్నాడతను, నవ్వు ఆపుకుంటూ. "ఝ ని పంపిద్దాం. తుమ్మెదలకి తప్ప ఎవరికీ అక్కర్లేదు."

"ఇంకోసారి మల్లి అన్నారంటే ఈ ఫోన్ మీ నెత్తిన పడుతుంది."

"పడనివ్వండి. టచ్ స్క్రీనేగా, తగిలితే పనిచేస్తుంది."

నాన్న భుజాలు కదిలాయి. గొంతు లేని నవ్వు అలాగే ఉంటుంది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో. అతన్ని తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ రాత్రి అన్నం కలుపుతూ, "అక్షరాల వరస చెడగొట్టి మనతో వరస కలుపుకుంటున్నాడే ఈ అబ్బాయి" అంది అమ్మ. కంచం తీసుకుని వేరే గదిలోకి పోయాను. మొహం ఎర్రబడింది కోపం వల్లే అనుకోమని నా మనసుకి గట్టిగా చెప్పుకున్నాను.

* * *

ఆఫీసులో ఉండగా కమిటీ తుది నమూనా విడుదలైంది. తెరిచి చూశాను. పై వరసలో ‘ఙ’. దర్జాగా, కాలు మీద కాలేసుకుని. ‘ళ’ మళ్ళీ ‘ల’ కిందే.

ఇన్నాళ్ళూ మా ఇంట్లో కూర్చుని, మా నాన్నని నవ్వించి, చివరికి ఇదా? నోటికొచ్చిన తిట్లన్నీ మూటగట్టుకుని బయటపడ్డాను. బయట కుండపోత. గొడుగు తేలేదు. ఆ కోపానికి ఒంటి మీద పడ్డ వాన ఆవిరైపోవాల్సింది గానీ, నన్ను నిలువునా తడిపింది.

మెట్లెక్కి, చైర్మన్ గది తలుపు మీద చెయ్యి వేశాను. లోపల ఎవరో గొంతు చించుకుంటున్నారు. ఇతనే. ఎప్పుడూ మర్యాద తప్పని మనిషి.

"నేనిచ్చిన నమూనా పక్కన పడేసి, పాతది నా పేరుతో ఎలా విడుదల చేస్తారు సార్?"

"ఒక్క భాష కోసం అందరి వరసా చెడగొడతామా?" అంటున్నారు చైర్మన్ గారు.

"ఆ ఙ తో మీరు పుట్టాక ఎన్ని మాటలు రాశారు సార్? దానికి సింహాసనం, ళ కి తలుపు చాటూనా?"

నా మాటలు! ఒక్క అక్షరం పొల్లుపోకుండా!

"ఒక పెద్దాయన నన్ను మళ్ళీ రమ్మన్నారు సార్. నేను చేసిన కీబోర్డ్ వల్లే నాకది అర్థం కాలేదు. ఆయన రోజూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. వరస అందరికీ ఒకటే ఉండనివ్వండి. స్పేస్ బార్ కాస్త కుదించి ప్రతి భాషకీ రెండు సొంత బటన్లు వదిలేయండి, ఏ అక్షరం కావాలో వాళ్ళే పెట్టుకుంటారు. కాదంటే నా పేరు తీసేయండి. నేను సంతకం పెట్టను, ఉద్యోగం పోయినా సరే."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత, "కూర్చోవయ్యా. ఆ రెండు బటన్లు ఎక్కడ పెడతావో చూపించు" అన్న చైర్మన్ గారి గొంతు వినపడింది.

అతను బయటికొచ్చేసరికి నా చుట్టూ చిన్న మడుగు కట్టింది.

"తిట్టడానికొచ్చారా?" అన్నాడు.

"అవును."

"తిట్టండి మరి."

"ఎలా తిట్టను? నా డైలాగులన్నీ మీరే వాడేశారుగా!"

తన కోటు విప్పి నా భుజాల మీద వేశాడు. వద్దనడానికి కూడా నా దగ్గర కోపం మిగల్లేదు. అదే అన్నిటికన్నా కోపం తెప్పించింది.

* * *

కొత్త అప్‌డేట్ వచ్చిన సాయంత్రం కూడా వానే. నాన్న మందుల షాపుకెళ్ళి, కళ్ళ మందు ఆయనే అడిగి తెచ్చుకున్నారు. షాపులో ఎవరూ నవ్వలేదు. నాలుగు చుక్కలు వేసుకుని, ఎర్ర కళ్ళతో రాజులా కుర్చీలో కూర్చున్నారు.

అతను మాత్రం స్టూల్ మీద కూర్చోలేదు. ఏదో పరాయి వాడిలా నిలబడే కాఫీ తాగాడు.

"పని అయిపోయిందండీ. ఇంక రోజూ వచ్చి ఇబ్బంది పెట్టను" అన్నాడు నేల చూస్తూ.

"మంచిది" అన్నాను.

"వెళ్ళొస్తానైతే."

"వెళ్ళండి. ఎవరాపారు?"

గుమ్మం దగ్గర వంగి షూ లేసులు కట్టుకుంటున్నాడు. అంత మెల్లగా లేసులు కట్టే మనిషిని నేనెక్కడా చూడలేదు. గోడకి ఆనుకుని పళ్ళు బిగబట్టి చూస్తున్నాను. చైర్మన్ ముందు అంత గొంతు లేచిందే, ఇక్కడ ఒక్క మాట లేవదేం? అతనికి సరే, నాకేమొచ్చింది?

అంతలో, కాఫీ వేళ నుంచీ నాన్న ఏదో టైప్ చేస్తున్న ఫోన్ గొంతు సవరించుకుంది. వాల్యూమ్ చివరికంటా పెంచేసి ఉంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మా ఇంటికి ప్రతిరోజూ వచ్చే అబ్బాయి మరికొద్దిసేపట్లో గుమ్మం నుండి బయలుదేరి వెళ్ళుటకు సిద్ధంగా ఉన్నాడు. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు ఉన్నవి. ఇద్దరిలో ఒకరు ఈ వేళ నోరు విప్పనిచో పెళ్ళి నిరవధికంగా ఆలస్యమగును. మీకు కలుగుతున్న అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఒక్క ‘ళ’ కూడా తప్పిపోలేదు. ఎదురింటి వాళ్ళు కిటికీ తెరిచారు. వంటింట్లో గరిటె కింద పడింది.

"నాన్నా!" అని అరిచాను. ఆయన సీలింగ్ వంక చూస్తున్నారు.

అతను లేసులు వదిలేసి నిలబడ్డాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "కళ్ళలో నీళ్ళు నిజమేనా?"

"కోపం వల్ల."

"నా మీదా?"

"మరింకెవరి మీద? పని అయిపోయిందట, వెళ్ళిపోతాడట! నువ్వు రాకపోతే నేనెవర్ని తిట్టుకోవాలి? నువ్వంటే ఇష్టమని మైకు పెట్టి చెప్తే గానీ తెలీదా? మళ్ళీ రా. రేపూ రా, ఎల్లుండీ రా."

అతని పెదవి చివర నవ్వు మొదలైంది. "రండి కాదా?"

"కాదు. రా."

"మల్లి రా నా, మళ్ళీ రా నా?"

"మళ్ళీ! ‘ళ’తో. గుడి దీర్ఘంతో."

"వెళ్తేగా మళ్ళీ రావడానికి" అని, అతను వంగి షూ విప్పేశాడు.