కుడికాలి కింద కడ్డీ

"నా మొగుణ్ణి ఎవరో చంపారు, బోందీ గారూ. కానీ లేయార్కో మాత్రం కాదు!"

దెల్ఫీనా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. డిటెక్టివ్ సవేరియో బోందీ పక్కన అసిస్టెంట్ తుల్లియో వింటున్నాడు. ఆమె భర్త నేవియో రెండుసార్లు ఇటలీ మోటార్‌సైకిల్ ఛాంపియన్. తరవాత షోరూం పెట్టి, ట్రాక్ మీద తెచ్చుకున్న పేరును లాభానికి అమ్ముకున్న మొనగాడు. పందేల్లో ఎన్నిసార్లు పడ్డా లేచినవాడు, ఆదివారం తన పాత పందెం బండి మీద కొండ దిగుతూ లోయలో పడి ఇక లేవలేదు. పెజారో ఊరంతా కొయ్యబారిపోయింది.

"బండికి కుడికాలి కింద తొక్కే కడ్డీ నట్టు ఊడిందట. మా మెకానిక్ లేయార్కో బిగించలేదంటున్నారు. రేపు అతణ్ణి అరెస్టు చేస్తారు. మా ఆయన ఆ మర్నాడే, సోమవారం, అతనికి షోరూంలో సగం వాటా రాసివ్వాల్సింది. చేతికొచ్చే వాటాను ఎవడైనా లోయలోకి తోస్తాడా?"

"తోయడు," అన్నాడు బోందీ, కోటు అందుకుంటూ.

షోరూంలో నలిగిన బండి ముందు ఆయన చాలాసేపు మోకాళ్ల మీద కూర్చున్నాడు. నట్టు ఉండాల్సిన చోట బోల్టు మర చెక్కుచెదరలేదు. చుట్టూ రెంచి జారిన కొత్త గీతలు. ఎడమవైపు కడ్డీ భద్రంగా ఉంది.

"ఊడలేదు, తుల్లియో. విప్పారు. ముందురోజు శనివారం షోరూం తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"అమ్మ, లేయార్కో, నేను," అన్నాడు తల్లి పక్కన నిలబడ్డ నేవియో కొడుకు మీర్కో. కొత్త బండ్ల అమ్మకాలన్నీ అతనివే. ఎదురుగా ఉన్న లేయార్కో వైపు వేలు చూపించాడు. "ముసలాడికి చేతిపట్టు తప్పింది సార్. ఇందులో తేల్చడానికేముంది?"

"నీకు సైకిలు నేర్పింది ఈ చేతులేరా, వెధవా!" అన్నాడు లేయార్కో.

"ముగ్గురూ ఒక్కొక్కరే ఎక్కండి. వెనక బ్రేకు వెయ్యండి," అన్నాడు బోందీ.

లేయార్కో ఎడమకాలు నొక్కాడు. "పెళ్లికి ముందే తోలాను దీన్ని," అంటూ దెల్ఫీనా కూడా ఎడమకాలే నొక్కింది. మీర్కో ఎక్కాడు. కుడికాలు వేశాడు. కడ్డీ వేలాడిపోయింది.



"ఇప్పటి బండ్లకు బ్రేకు కుడివైపు," అన్నాడు బోందీ. "ఆనాటి మన ఇటలీ బండ్లకు ఎడమవైపు. కుడివైపుది గేరు. హంతకుడు బ్రేకు తీశాననుకుని గేరు తీశాడు. మలుపులో గేరు దిగలేదు, వేగం తగ్గలేదు. ఈ పొరపాటు మీ అమ్మ చెయ్యదు, లేయార్కో చెయ్యడు. కొత్త బండ్లు తప్ప తోలనివాడే చేస్తాడు."

"కాలు విరిగితే చాలనుకున్నా!" అన్నాడు మీర్కో. "సంతకం ఆగిపోతుందని... నాన్న చచ్చిపోతాడనుకోలేదు!"

లేయార్కో నేల మీద కూలబడ్డాడు. "అడిగితే నా వాటా నీకే ఇచ్చేవాణ్ణి కదరా."

మీర్కో తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, ముసలాడు బిగించడం మరిచాడనే ఉండనీ. నీకింకెవరున్నారు?"

దెల్ఫీనా చెయ్యి విడిపించుకుని, షట్టరు పైకి లేపి, బండికి కాపలాగా బయట నిలబడ్డ పోలీసును పిలిచింది.

"లోపలికి రండి. నా కొడుకును తీసుకెళ్లండి."