నెంబరు లేని నాణెం

"ఈ నాణేనికి చిల్లు ఉండేది. ఎవరో పూడ్చారు."

"ఎవరో ఏంటండీ? నేనే పూడ్చాను," అన్నాడు కౌంటరు అవతల కూర్చున్న కుర్రాడు, నవ్వుతూ.

ఆమెకు ఒళ్ళు మండింది. పాత బంగారు నాణేలకు గ్రేడు వేసే ఆ ఆఫీసులో అబద్ధాలు చెప్పేవాళ్ళను బోలెడంతమందిని చూసింది. నిజం చెప్పి నవ్వేవాణ్ణి చూడటం ఇదే మొదలు.

అసలు గ్రేడు వేసేవాళ్ళు కౌంటరు దగ్గరికి రాకూడదు. కోపంలో వచ్చేసింది. ఆఫీసు నాన్నదే. పద్ధతీ నాన్నదే. నాణెం ఎవరిదో తెలియకుండా ఆయన ఒకసారి, కూతురు ఒకసారి చూడాలి. చెరో చీటీ రాసి, బల్ల మీద బోర్లా పెట్టి, ఇద్దరూ ఒకేసారి తిప్పాలి. బాగున్న నాణేనికి డెబ్బైకి ఇంత అని నెంబరు వేస్తారు. దెబ్బ తిన్నదైతే, ఎంత అరుదైనదైనా, అసలైనదేనని రాసి ఆ దెబ్బేమిటో రాస్తారు. నెంబరు ఉండదు. చీటీలు కలవకపోతే మళ్ళీ చూడాలి.

ఆ పొద్దున చీటీలు కలవలేదు. నాన్నది యాభై ఐదు. ఆమెది 'చిల్లు పూడ్చారు, నెంబరు లేదు'. నాన్న మళ్ళీ చూడనన్నాడు. ఆయన కళ్ళు ఇంతవరకూ పొరపడలేదట.

"ఎలా పట్టుకున్నారండీ?" కుర్రాడు ముందుకు వంగాడు.

"దీపం కింద వంచి తిప్పాను. అక్షరాల పక్కన మెరుపు పాకుతూ పోవాలి. ఒక అక్షరం దగ్గర ఆగిపోయింది."

"అబ్బా! ఆ అక్షరం కోసం ఎంత చచ్చానో తెలుసా?"

"మీ కష్టం తగలెయ్య! మోసం చేసి పైగా మెచ్చుకోమంటారా?"

అతని నవ్వు తగ్గింది. "మా అమ్మమ్మ మెళ్ళో వేసుకున్న నాణెమండీ అది. ఆవిడ పోయాక మావయ్య, 'చిల్లు పూడ్చరా, ఇంట్లో దాచుకుందాం' అన్నాడు. పూడ్చాక, చిల్లే లేదని చెప్పి అమ్ముతానంటున్నాడు. మీ గ్రేడు తెమ్మని నన్నే పంపాడు."

"మరి రాగానే చెప్పొచ్చుగా?"

"మీరు పట్టుకుంటారేమో చూద్దామని. పట్టుకోకపోతే చెప్పేద్దామనే కూర్చున్నా. వానకి ఆగాననుకున్నారా? గొడుగు ఉండి కూడా ఇంతసేపు ఇక్కడెందుకుంటాను?"

"మీ మావయ్య ఊరుకుంటాడా?"

"గెంటేస్తాడు. ఉండేది ఆయనింట్లోనే, పని ఆయన నగల కొట్లోనే. అయినా గెంటనివ్వండి! అమ్మమ్మ మెడ ఎరగని నాణెమని నా చేత్తో అమ్మించడం ఆయన తరం కాదు."

బయట వాన జోరందుకుంది. ఆమె అతన్ని ఇంకోసారి చూసింది. ఈసారి కోపంగా కాదు.

"లోపలికి రండి. కానీ నోరు మెదపకండి. మీరు చెప్తే మా నాన్న మీ మాట నమ్మినట్టవుతుంది. ఆయన తన కళ్ళతో చూడాలి."

"నోరు మెదపకుండానా? అది కొంచెం కష్టమండీ."

గదిలో నాన్న తలెత్తలేదు. "కౌంటరు దగ్గరికెందుకెళ్ళావ్? రూలు మర్చిపోయావా?"

"నేనొకటి మర్చిపోయాను, నువ్వొకటి మర్చిపోయావు. చీటీలు కలవకపోతే మళ్ళీ చూడాలి."

"నాకే పాఠాలా?"

"నువ్వు నేర్పినవే. ఆ యాభై ఐదు కింద నేను సంతకం పెట్టను నాన్నా. పెట్టి తీరాలంటే ఈ బల్ల దగ్గర్నుంచి ఇప్పుడే లేచిపోతా."

"లేచిపోతావా? ఎవరితో?" నాన్న చూపు గుమ్మంలో ఉన్న కుర్రాడి మీద పడింది.

"నాన్నా!"

కుర్రాడు దగ్గాడు. ఆమె దీపం నాన్న ముందుకు జరిపి, చేతులు కట్టుకుని నిలబడింది. అక్కణ్ణుంచి కదిలే రకం కాదని ఆయనకు తెలుసు. విసుక్కుంటూనే నాణెం అందుకుని దీపం కింద వంచాడు. మెరుపు పాకింది. ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఎవడో గానీ భలే పూడ్చాడు వెధవ," అన్నాడు చివరికి.

"థాంక్సండీ!"

ఆమె తల పట్టుకుంది. నాన్న కుర్రాడి వంక ఎగాదిగా చూసి, తన చీటీ చింపి, కొత్తది రాశాడు. అసలైనదే. చిల్లు పూడ్చారు. నెంబరు లేదు.

ఆ వానలు ఇంకా తగ్గకముందే కుర్రాడు మళ్ళీ వచ్చాడు. చంకలో పనిముట్ల సంచి.

"గెంటేశాడా?" అంది ఆమె.

"శుభ్రంగా. నాణెం మాత్రం మా అమ్మ లాక్కుంది, 'మా అమ్మ మెళ్ళోది, ఎవడమ్ముతాడో చూస్తా' అని. నేను వీధి చివర ఓ బల్ల అద్దెకు తీసుకున్నా. నగలు బాగుచేస్తా. అతికించిందల్లా అతికించానని బిల్లు మీద రాసిస్తా."

"ఇది చెప్పడానికొచ్చారా?"

"కాదండీ. మీరంటే నాకిష్టం. చెప్పకుండా పట్టుకుంటారేమోనని చూశా. పట్టుకోలేదు. అందుకే చెప్పేస్తున్నా."

"పట్టుకోలేదని ఎవరన్నారు? మొన్న గుమ్మంలో నిలబడి మెరుపును వదిలేసి నన్ను చూస్తున్నప్పుడే పట్టుకున్నా."

"ఎహెం," అన్నాడు వెనక నుంచి నాన్న. ఎంతసేపట్నుంచి ఉన్నాడో ఏమో. "దానికి ఇక్కడో పద్ధతుంది. చీటీ రాయి."

తండ్రీకూతుళ్ళు చెరో మూలకు తిరిగి రాశారు. కౌంటరు మీద బోర్లా పెట్టారు. కుర్రాడు జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు.

తిప్పారు.

నాన్న చీటీ: 'అసలైనవాడే. దెబ్బలు: ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, నోరు ఆగదు. నెంబరు లేదు.'

ఆమె చీటీ: 'డెబ్బై.'

"దెబ్బ తిన్నదానికి నెంబరు వేయకూడదని నేర్పానా, లేదా?"

"నేర్పావు. ఈ ఒక్కదానికీ వేస్తా. సంతకం కూడా పెట్టా, చూసుకో."

నాన్న ఆ సంతకం వైపు, కూతురి మొహం వైపు చూశాడు. రెండూ తన పోలికే.

"చీటీలు కలవలేదు," అన్నాడు మెల్లగా.

కుర్రాడి మొహం వాడిపోయింది.

"కలవకపోతే మళ్ళీ చూడాలి. ఆదివారం భోజనానికి రమ్మను."