హ్యాండిల్ మీద దిక్సూచి

పొద్దున్న ఎనిమిది కాకముందే అత్తాకోడళ్ళిద్దరూ వరండాలో సైకిల్ మీద పడ్డారు. కోడలు ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని స్క్రూడ్రైవర్ తిప్పుతోంది. అత్తగారు మెడలో కొలతల టేపు వేసుకుని, కాలు కాలిన పిల్లిలా సైకిల్ చుట్టూ తిరుగుతోంది.

"బిగిసిందా అమ్మాయ్?"

"ఒక్క నిమిషం అత్తయ్యా. పైపు సన్నం, క్లాంపు లావు. మధ్యలో ఏదైనా చుట్టాలి."

అత్తగారు టక్కున టేపు తీసి హ్యాండిల్ చుట్టుకొలత తీసేసింది. ముప్ఫై ఏళ్ళుగా కర్టెన్లు కుడుతున్న చెయ్యి, కొలవకుండా దేన్నీ నమ్మదు. "రెండు చుట్లు చాలు" అని తేల్చి, కర్టెన్ పై అంచులో పెట్టే గట్టి పట్టీ ముక్క ఒకటి కత్తిరించి తెచ్చింది.

బిగిస్తున్నది అరచెయ్యంత జీపీఎస్ డబ్బా. వెళ్ళాల్సిన చోటు చెబితే చాలు, బాణం గుర్తు చూపిస్తూ ఎడమకి తిరగండి, కుడికి తిరగండి అని మర్యాదగా చెబుతుంది. కోడలు పనిచేసే కొరియర్ ఆఫీసులో కొత్తవి వచ్చాయని పాతవి సిబ్బందికి ఇచ్చేస్తుంటే, "మా అత్తయ్యకి ఒకటి!" అని అందరికన్నా ముందు చెయ్యెత్తింది.

ఎందుకంటే ఆ ఇంట్లో అత్తగారి పేరు దిక్సూచి. వెక్కిరింపుకి పెట్టిన పేరు. ఇరవయ్యారేళ్ళ కిందట ఆవిడ ఐదేళ్ళ కొడుకుని వెనక ఎక్కించుకుని, ఆడపడుచు ఇంట్లో వేడుకకని బయల్దేరి, దారి తప్పి, అటు వేడుకా దక్కక దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరిందట. ఆ రోజే మామగారు ఆ పేరు పెట్టి, సైకిల్‌ని పాతసామాన్ల గదిలో పడేశారు. మామగారు పోయారు, పేరు మాత్రం పోలేదు. కిటికీలు కొలవడానికి ఆవిడ ఎవరింటికి వెళ్ళాలన్నా కొడుకు స్కూటరు ఖాళీ ఉండాలి. కొడుకేమో బస్సు డ్రైవరు. డ్యూటీ పడిందా, ఆర్డరు పోయినట్టే. ఈ ఏడాదిలోనే మూడు పోయాయి.

ఇప్పుడు నాలుగోది వచ్చింది. ఏటి అవతల కొత్తగా కట్టిన బడిలో, హాలు కిటికీలన్నిటికీ కర్టెన్లు. ఆవిడ చేతికి ఇంత పెద్ద పని ఎన్నడూ రాలేదు. "కుట్టేవాళ్ళే వచ్చి కొలుచుకోవాలి. శుక్రవారం పదింటికల్లా రాకపోతే ఇంకొకర్ని పిలుస్తాం" అని హెడ్మిస్ట్రెస్ మొహమాటం లేకుండా చెప్పేసింది. ఆ శుక్రవారం ఇవాళే. రెండు వారాలుగా కొడుకు డ్యూటీలో ఉండగా ఇంటి వెనక సందులో, టైర్లు మార్చిన ఆ పాత సైకిల్ మీదే సాధన సాగింది. మూడోరోజుకే అత్తగారు ఒంటిచేత్తో తొక్కేస్తుంటే కోడలు నోరు వెళ్ళబెట్టింది.

"అయిపోయింది అత్తయ్యా, ఎక్కండి!"

అత్తగారు సీటెక్కి కూర్చుని, డబ్బా వైపు చూసి పకపకా నవ్వుతూ దిగింది. "ఇది నీకు దారి చూపిస్తుందే, నాకు కాదు!"

కోడలు నాలిక్కరుచుకుంది. సైకిల్‌కి ఎదురుగా నిలబడి బిగించిందేమో, తెర తనవైపు తిరిగి ఉంది. మళ్ళీ విప్పి, తిప్పి, బిగించి మీట నొక్కింది. "కుడికి తిరగండి" అంది డబ్బా ఖణీమని. ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

ఆ గోలకి లోపల పడుకున్నవాడు లేచాడు.

"ఎవరే అది, పొద్దున్నే ఎడమా కుడీ అంటూ?" కళ్ళు నులుముకుంటూ వచ్చి, సైకిల్‌నీ తల్లి భుజాన ఉన్న సంచీనీ చూశాడు. నిద్రమత్తు వదిలిపోయింది. "అమ్మ ఒక్కత్తే ఏటి అవతలికా? బుద్ధుందా మీ ఇద్దరికీ?"

"ఉండబట్టేగా జీపీఎస్ పెట్టాం" అంది భార్య.

"ఆహా!" అతను సైకిల్ పట్టుకుని మెట్టు దించాడు. చక్రం దడాలున నేలకి తగిలింది. పట్టీ జారి, డబ్బా గిర్రున తిరిగి తల కిందికి వేలాడింది. "చూశావా? గేటు దాటకుండానే మీ జీపీఎస్ కళ్ళు తేలేసింది. అమ్మా, ఇవాళ నాకు డ్యూటీ, నువ్వు కొలిచేదాకా ఆగి తీసుకురాలేను. ఆదివారం తీసుకెళ్తాను."

"ఆదివారం బడికి తాళమేస్తార్రా. ఇవాళ పదింటికే పోవాలి."

"పోతే పోనీ అమ్మా, ఇంకో ఆర్డరు వస్తుంది."

"నువ్వు అలా అనడం ఇది నాలుగోసారి." అత్తగారు మెడలోంచి టేపు తీసి వేళ్ళకి చుట్టుకోసాగింది.

కోడలికి ఒళ్ళు మండిపోయింది. ఇవాళ తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకుంది. "అసలు మీ భయమేంటండీ? ఎప్పుడో ఒక్కసారి దారి తప్పితే జన్మంతా ఇంట్లో కూర్చోవాలా?"

"నీకేం తెలుసు? ఆ రోజు వెనక కూర్చున్నది నేను!" అతని గొంతు పెరిగింది. "చీకటి పడిపోయింది. కొత్త నీలం చెప్పులు, ఎడమకాలిది ఎక్కడో పడిపోయింది. గుమ్మంలో నిద్రలేచి, ఒంటి చెప్పుతో నిలబడి ఏడ్చింది ఇప్పటికీ గుర్తే. ఈ ట్రాఫిక్‌లో అమ్మ తప్పిపోతే నేనెక్కడని వెతకను?"

చివరి మాట దగ్గర అతను తల్లి సంచీ పట్టీని గట్టిగా పట్టుకున్నాడు. కోడలు మెత్తబడబోయింది గానీ, మధ్యలో ఏదో అడ్డుపడింది.

"ఏ చెప్పు అన్నారు?"

"నీలం చెప్పు. ఎడమకాలిది. ఇప్పుడు చెప్పు సంగతెందుకు?"

ఎందుకంటే ఆ చెప్పు సంగతి ఆమె అతని నోటే వందసార్లు విన్నది. పెళ్ళైన కొత్తలో మొదటిసారి, ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతి మనిషితోపాటూ. చిన్నప్పుడు బస్సు డిపోకి వెళ్ళడం, అక్కడ బస్సులు కడుగుతుంటే గంటలు గంటలు చూడటం, ఒక డ్రైవరు ఎత్తి సీట్లో కూర్చోబెట్టడం, ఆ నీళ్ళలో ఎడమకాలి నీలం చెప్పు కొట్టుకుపోవడం. "చెప్పు పోతే పోయింది, స్టీరింగు దొరికింది" అని చెప్పి ఎప్పుడూ తనే ముందు నవ్వేవాడు.

"మీరు మొత్తం ఎన్ని నీలం చెప్పులు పోగొట్టారేంటి?"

"ఒక్కటే. కొన్నది ఒకటే జత, మళ్ళీ నాన్న..." అతను ఆగిపోయాడు.

అతను మెల్లగా తల్లివైపు తిరిగాడు.

"అమ్మా, నన్ను డిపోకి ఎవరు తీసుకెళ్ళారు?"

"ఇంకెవరు తీసుకెళ్తార్రా?" అత్తగారు టేపు మీద నుంచి కళ్ళెత్తలేదు. "బస్సులు చూద్దాం, బస్సులు చూద్దాం అని దారి పొడుగునా నా వీపు మీద దరువేశావు. పది నిమిషాలే అనుకున్నా. ఆ సీట్లో కూర్చున్నప్పుడు నీ మొహం చూసి నీకు దిగమని చెప్పలేకపోయా. చూస్తుండగానే సాయంత్రమైపోయింది. ఇంటికొచ్చేసరికి నువ్వు నా వీపుకి ఆనుకుని నిద్రపోతున్నావు, మీ నాన్న గుమ్మంలో ఉన్నారు. వాడడిగాడండీ అంటే నీ వీపు చీరేసేవారు. నోటికేదొస్తే అదే అన్నా. దారి తప్పానండీ అన్నా."

"ఇన్నేళ్ళూ... ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మొదట్లో మీ నాన్నకి తెలుస్తుందని. తర్వాత..." ఆవిడ చేతిలో టేపు జారి చుట్టలు విప్పుకుంది. "అందరూ అదే మాట అంటూంటే నాకే అనుమానం వచ్చిందిరా. నిజంగానే నాకు దారులు తెలియవేమో, ఆ రోజు డిపోకి దారి దొరికింది కూడా పొరపాటునేనేమో అని. అందుకే ఈ డబ్బా ఉంటే ధైర్యంగా ఉంటుందనుకున్నా."

అంత పెద్ద బస్సు తోలే మనిషి మెట్టు మీద కూలబడి, తల్లి మోకాళ్ళు పట్టుకుని పసివాడిలా ఏడ్చేశాడు. "ఆ పేరుతో నేనూ పిలిచానమ్మా. నా నోటితో నేనే..." కోడలు కళ్ళు ఒత్తుకుంటూనే గడియారం చూసింది. అత్తగారు అతని తల నిమిరి, వెంటనే ఒక మొట్టికాయ వేసింది.

"ఏడుపు తర్వాత. ఎనిమిదిన్నర అయింది, ముందు అది బిగించు!"

అతను ఒక్క గెంతులో లేచాడు. స్కూటరు డిక్కీలోంచి పాత ట్యూబు లాగి, రబ్బరు పీలిక కోసి, హ్యాండిల్‌కి చుట్టి, దాని మీద క్లాంపు పెట్టి కణతలు ఉబ్బేలా బిగించాడు. సీటు మీద కూర్చుని తెర కళ్ళకి సరిపోయిందో లేదో చూశాడు. ముందు చక్రాన్ని ఎత్తి మెట్టుకేసి మూడుసార్లు కొట్టాడు. డబ్బా చెక్కుచెదరలేదు.

"గుట్ట మీదికి ఎత్తు ఎక్కించినా కదలదమ్మా!"

"నేనెందుకు ఎక్కుతాన్రా గుట్ట?" అంటూ అత్తగారు పెడలు మీద కాలు వేసింది. గేటు దాటింది. "కుడికి తిరగండి" అంది డబ్బా. ఆవిడ ఝామ్మని ఎడమకి తిరిగింది.

"అమ్మా! కుడి, కుడి!" కొడుకు రోడ్డు మీదికి పరుగెత్తాడు.

"అటు ఎత్తురా నాయనా! డిపో వెనక సందులోంచి పోతే చదును!" వెనక్కి తిరగకుండానే కేక వేసి, గంట మోగించుకుంటూ మలుపులో మాయమైంది.

అతను స్కూటరు తాళం కోసం వెతికాడు. అది అప్పటికే భార్య పిడికిట్లో ఉంది.

"వెనకాల వెళ్ళారంటే ఊరుకోను."

"దూరం నుంచే..."

"ఊహూఁ."

ఆ గంటసేపూ మొగుడూ పెళ్ళాలిద్దరూ కూర్చోలేదు, నిలబడలేదు. టీ పెట్టి తాగడం మర్చిపోయారు. తొమ్మిదీ నలభైకి ఫోను మోగింది. ఇద్దరూ ఒకేసారి దాని మీద పడ్డారు.

"వచ్చి పావుగంటైందిరా!" ఆయాసంలోనూ అత్తగారి గొంతులో నవ్వు గలగలలాడుతోంది. "పన్నెండు కిటికీలన్నారు, పధ్నాలుగున్నాయి! సగం కొలిచేశా. ఆ డబ్బా పాపం దారంతా నాతో పోట్లాడి, చివరికి నా దారికే వచ్చింది. అది సరేగానీ, ఇవాళ నీ బస్సు డిపోలోంచి ఎన్నింటికి బయటికొస్తుంది?"

"పన్నెండుకి. ఎందుకమ్మా?"

"ఆ రోజు నువ్వు ఆ సీట్లో కూర్చుంటే చూస్తూ సాయంత్రం దాకా ఆగా. ఇప్పుడు నువ్వు తోలుతుంటే ఒక్కసారీ చూడలేదు. డిపో గేటు దగ్గర నిలబడతా, హారన్ కొట్టు."