ముందు సీటు పిల్ల

పిచ్చుకకి ఒళ్ళు కాలిపోతోంది. ఒకటో తరగతి చదివే ఆ పిల్ల అసలు పేరు బళ్ళో తప్ప ఎక్కడా వాడరు. తల్లి నుదుటి మీద తడిగుడ్డ వేసి, "ఇవాళ బడి లేదు, కళ్ళు మూసుకుని పడుకో" అంది.

బయట వ్యాను స్టార్టయింది. వీధిలోని చిన్నపిల్లల్ని రోజూ బడికి చేర్చేది ఆమె మామగారే. అందరూ వ్యాను తాత అంటారు. ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకీ చిన్న గీత కూడా పడలేదని తల్లులు చెప్పుకుంటారు.

"దానికి జ్వరం మామయ్యా, ఇవాళ రాదు" అంది కోడలు కిటికీలోంచి.

ఆయన వెంటనే కదల్లేదు. "నా పక్కన కూర్చుంటే చాలు కదమ్మా."

"ఒళ్ళు పెనంలా ఉంది."

బండి మెల్లగా కదిలింది.

ఆ చప్పుడు మలుపు తిరిగేసరికి పిచ్చుక మంచం దిగి చెప్పులు వెతుక్కుంటోంది.

"ఎక్కడికే? మామూలు రోజుల్లో కడుపునొప్పి అంటావు, జ్వరమొచ్చిన రోజునా బడి మీద ప్రేమ?"

పిల్ల నవ్వలేదు. "నేను లేకపోతే తాతకి లైటు ఎవరు చెప్తారు?"

"ఏ లైటు?"

"నాలుగు రోడ్ల దగ్గరది. ఎర్రదైతే తాత మోకాలు గట్టిగా పట్టుకుంటా. పచ్చదొస్తే వదిలేస్తా. తాతకి అంతా మసకేనంట. ఎవరికీ చెప్పనని మాటిచ్చా."

తల్లి పిల్ల రెండు భుజాలూ పట్టుకుంది. "నాతో ఎందుకు చెప్పలేదే?"

"టీచరు మంచి పౌరుల పాఠం చెప్పిందమ్మా. ఇచ్చిన మాట తప్పకూడదంది. ప్రమాదం కనిపిస్తే పెద్దవాళ్ళకి చెప్పాలనీ అంది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో చెప్పలేదు. తాత కూడా పెద్దవాడే కదా?"

తల్లి ఫోను చేసింది. మోగుతూనే ఉంది. బండి నడిపేటప్పుడు ఆయన ఫోను ముట్టడు. ఆ పద్ధతిని ఆమె ఎందరి దగ్గరో మెచ్చుకుంది. ఇవాళ అదే అడ్డమైంది. మొగుడు తెల్లారకముందే డ్యూటీకి వెళ్ళిపోయాడు. పిల్లని భుజాన వేసుకుని అడ్డదారిన పరుగెత్తింది.

కొళాయి మేస్త్రీ కొడుకు ఎక్కేసి ఉంటాడు. కుట్టుపని ఆవిడ కవలలు కూడా. ఈపాటికి బండి నిండిపోయి ఉంటుంది. రొప్పుతూ పరుగెడుతున్న ఆమెకి ఒక్కో మొహమే కళ్ళముందు ఆడింది. దూరంగా హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఎవరో అరుస్తున్నారు.

"అమ్మా, నేను చెప్పానని తాతకి చెప్పకు" అంది పిచ్చుక మెడ దగ్గర.

మలుపు తిరిగింది. కూడలికి ఇవతలే వ్యాను రోడ్డు వారగా నిలబడి ఉంది. వెనక బళ్ళవాళ్ళు తిట్టుకుంటూ పక్కనుంచి పోతున్నారు. లోపల పిల్లలు, "తాతా, ప్రార్థన అయిపోతుంది, పోనీ" అని గోల చేస్తున్నారు. ఆయన రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసిపోయింది.

"ఆపేశారా మామయ్యా?" అంది.

"ముందు బండి వెనకే పోదామనుకున్నా. వెనక వీళ్ళు పాడుతున్నారు. కాలు ఆడలేదమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఎండలప్పటి నుంచి. కళ్ళలో పొర, కోయాలన్నాడు డాక్టరు. కంట్లో కత్తి అనేసరికి భయమేసింది."

"మీ భయం తీసుకెళ్ళి దాని ఒళ్ళో పెట్టారు. ఆరేళ్ళు నిండలేదు దానికి. ఇంతమంది ప్రాణాలు దాని చేతిలో పెట్టారు. ఒక్కసారి కునుకు తీసుంటే?"



అప్పుడు తోచింది ఆమెకి. ఈమధ్య పిల్ల నిద్రలో ఉలిక్కిపడి ఆమె కాలు గట్టిగా పట్టుకునేది. బడంటే బెంగ కాబోలనుకుని రెండుసార్లు కసిరింది కూడా. ఏమైందే అని ఒక్కనాడూ అడగలేదు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిచ్చుక తలెత్తింది. "తాతా, చెప్పేశా. నేను మంచిదాన్ని కాదు కదా?"

ఆయన బండి దిగాడు. తడుముకుంటూ వచ్చి పిల్లని తన భుజం మీదికి తీసుకున్నాడు. "అలాంటి మాట పుచ్చుకున్నవాడిదే తప్పు తల్లీ. నువ్వు దాన్ని మొయ్యక్కర్లేదు. బళ్ళో నేనే చెప్తా."

"తిడతారా?"

"తిడతారు."

"ఏడుస్తావా?"

"ఏమో, ఏడుస్తానేమో."

బండి తాళాలు కోడలి చేతిలో పెట్టాడు. ఆమె పిల్లల్ని దింపి, చేతులు పట్టించి, వరసగా రోడ్డు దాటించింది. వెనక ఆమె కొంగు అంచు పట్టుకుని ఆయన నడిచాడు. బడి గేటు చేరేసరికి పిచ్చుక ఆయన భుజం మీదే నిద్రపోయింది. ఉలికిపాటు లేదు, గట్టిగా పట్టుకోవడం లేదు, రెండు చేతులూ వేలాడేసి.

హెడ్మాస్టరమ్మ ముందు నిలబడి, పిల్ల లేవకూడదని, తాను చేసిందంతా మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పాడాయన. ఆవిడ మొహం పాలిపోయింది. పిల్ల వంక చూసి, గొంతు తగ్గించే తిట్టింది. పక్కన కోడలు కళ్ళు తుడుచుకుంటూ నిలబడింది.