మూడో జలపాతం వెనక

సన్యాసి అనే ఏజెంటుని లమ్మడా బజారులో పట్టపగలు కాల్చేశారు. రేడియో రిపేరు పనివాడి వేషంలో మూడేళ్లు రంగూన్‌లో గూఢచర్యం చేసిన మనిషి. ప్రాణం పోయేలోగా తను కనిపెట్టినదంతా ధర్మారావు చెవిన వేశాడు.

మర్నాడు తెల్లవారేసరికి ఏజెంట్ కోటిబాబు పబేడాన్ పేటలో ధర్మారావు బట్టల కొట్టు తలుపు తట్టాడు. 1988 ఆగస్టు. వీధుల నిండా సైనిక ప్రభుత్వం మీద తిరగబడ్డ విద్యార్థుల ఊరేగింపులు. ఆఫీసులు మూత, ఫోన్లు మూగ.

"మధురై లుంగీ ఉందా?"

"రంగు నిలవదు. లోపలికి రా."

కోడ్ సరిపోయింది. వెనకగదిలో ధర్మారావు మ్యాప్ పరిచాడు.

"హార్వే తెలుసు కదా, ఆయుధాల బ్రోకరు. ఈ కొండలోయలో, మూడో జలపాతం వెనక గుహలో ట్రాన్స్‌మిటర్ పెట్టాడు. సాయంత్రం అయిదింటికి టేపు మోగుతాది. సైన్యం మనవైపొచ్చేసింది, అందరూ రేవుకి రండి అని విద్యార్థుల పేరు మీద పిలుస్తాది. రేవులో బాంబులు. ఎక్కడ దాచాడో తెల్దు. తర్వాత రెండు పక్షాలకీ ఆడే తుపాకులమ్ముతాడు."

కోటిబాబు చెల్లెలు జయ రోజూ ఊరేగింపులో ముందు వరసలోనే నడుస్తోంది.

"గుహకి దారి ఏటి?"

"కింది దారిలో పదిమంది రైఫిళ్లతో ఉన్నారు. పైనుంచి తాడు మీద దిగడమే. అరుణశ్రీ తీసుకెళ్తాది."

తెర తొలగించుకుని వచ్చిందామె. పెద్ద హోటల్లో పాడే అందగత్తె. ఇప్పుడు యాత్రికురాలిలా ముతక లుంగీ కట్టింది. సరదాకని హార్వే రెండుసార్లు ఆమెను ఆ లోయలో తాడు మీద దింపాడు.

ఆమె బయటికి నడిచాక ధర్మారావు గొంతు తగ్గించాడు. "మనకీ పనిచేస్తాది, ఆడికీ పనిచేస్తాది. ఎవరికెక్కువో నాకూ తెల్దు."

చెక్‌పోస్టులు దాటి లోయ అంచు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. వాన. నున్నటి గ్రానైట్ గోడల మధ్య ఏరు బురదరంగులో ఉరుకుతోంది. పెద్దబండకి తాడు మడతేసి, నడుముపట్టీకున్న ఇనుపకొక్కెంలోంచి దాన్ని వదులుకుంటూ దిగారు. అరవై అడుగులు. కింద నిలబడి అరుణశ్రీ తాడు ఒక కొస పట్టుకుని లాగేసింది. అది పాములా జారి వచ్చి పడింది.

"ఇంక ఎనక్కి దారి లేదు, కో కోటీ," అంది, బర్మా మర్యాదతో పేరు ముందు 'కో' చేర్చి.

రెండో జలపాతం దగ్గర సుడి కోటిబాబుని బండ కిందికి ఈడ్చింది. ఆమె జుట్టు పట్టుకుని బయటికి లాగింది. అయినా అతని అనుమానం తగ్గలేదు. తనకు తెలిసిన డబుల్ ఏజెంట్లంతా ఆఖరిదాకా మంచివాళ్లే.

మూడో జలపాతం. నాలుగూ యాభై. ఒంటితాడు బండకి కట్టి ముందు కోటిబాబు దిగాడు. సగం దూరంలో వేలాడుతూ తలెత్తాడు. అరుణశ్రీ చేతిలో కత్తి మెరిసింది.

"అరుణా!"

తాడు తెగింది.

అదే క్షణంలో తుపాకీ పేలి, అతని తల ఉన్నచోట గ్రానైట్ పెచ్చులు లేచాయి. పాతికడుగులు పడి మడుగులో మునిగాడు. ఊపిరి బిగబట్టి నీటితెర కిందుగా ఈది గుహలో తేలాడు.

గుమ్మంలో హార్వే పిస్తోలుతో మడుగుకేసి చూస్తున్నాడు. లోపల టైమర్. ఇంకా నలభై సెకన్లు.

తెగిన తాడు కోటిబాబు నడుముకే వేలాడుతోంది. రేవులో ఓడల్ని తాళ్లతో కట్టిన వంశం అతనిది. ఉచ్చు బిగించి విసిరాడు. హార్వే మడమకి పడింది. ఒక్క గుంజు. వాడు వెల్లకిలా కూలాడు; పిస్తోలు వరదలో పోయింది. వాడు లేచేలోగా కోటిబాబు బ్యాటరీని కాలితో తన్నాడు. అది నీళ్లలో మునిగింది. టేపు చక్రం ఒక అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

అయిదు దాటింది. రేడియో పలకలేదు.

హార్వేని కట్టేస్తూంటే బయట నీళ్లు పెద్దగా చిమ్మాయి. అరుణశ్రీ పైనుంచి దూకేసింది. దగ్గుతూ గట్టెక్కింది.

"ఆడు నీకు గురిపెట్టడం పైనుంచి కనిపించింది," అంది.

"ఓ కేక వెయ్యొచ్చుగా?"

"తాడు కోసేస్తన్నాను, నన్ను నమ్ము అంటే నమ్మీవోడివా?"

కోటిబాబు ముడి బిగించి, కాసేపు నిజాయితీగా ఆలోచించాడు.

"లేదు."

"మరందుకే," అంటూ ఆమె జుట్టు పిండుకుంది.