యాభై సెకన్ల లైను

"మూడో పేరు మీ తమ్ముడిదే," అన్నాడు ఆఫీసరు.

లైన్‌మన్ మోకాలు చాపుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోను స్తంభాలెక్కిన మోకాలది. అందులో పన్నెండేళ్ళు డిపార్ట్‌మెంటుకి గూఢచారి పని కూడా చేసింది. రెండు ఉద్యోగాలకీ అదొక్కటే మోకాలు.

"మొత్తం పదకొండు పేర్లు. అవతలి దేశంలో మనవాళ్ళెవరు, ఏ వేషంలో ఉన్నారు, అంతా ఉంది. అమ్మినవాడు నిన్న దొరికాడు, కక్కేశాడు. కొన్నది ఎగుమతుల కంపెనీ మేనేజరు. ఇవాళ నాలుగింటికి ఫోను లైను మీద మోడెమ్‌లో పంపేస్తాడు. అది వెళ్ళిందంటే రేపటికి ఆ పదకొండు మందీ ఉండరు."

"వెళ్ళి పట్టుకోండి సార్. తలుపు అంత గట్టిదేం కాదు."

"కాపీలు ఎన్నున్నాయో తెలీదు. అనుమానం వస్తే ఇంకో దారిన పంపేస్తారు. 'అందింది' అని జవాబొస్తే మాత్రం కాపీలన్నీ కాల్చెయ్యాలని వాళ్ళకి ఆర్డరు. అంచేత లిస్టు వెళ్ళాలి. కానీ మన దగ్గరికి వెళ్ళాలి."

ఆఫీసరు ఒక చీటీ జరిపాడు. దానిమీద రెండు లైన్లు. AT&V అంటే మోడెమ్ తనలో దాచుకున్న నంబరు చూపిస్తుంది. AT&Z0= అని పక్కన కొత్త నంబరు కొడితే పాతది పోయి కొత్తది నిలుస్తుంది. నాలుగింటికి కంప్యూటరు ఆ దాచిన నంబరునే తిప్పమంటుంది.

"నాకు టైపు రాదు సార్."

"ఒక్క వేలు చాలు. ఒకటి గుర్తుపెట్టుకోండి. మూడుసార్లు కలవకపోతే కంప్యూటరు వేరే నంబరు తిప్పుతుంది. అది వాళ్ళ దేశానిది. దాన్ని మనం ముట్టుకోలేం."

"లోపల మనవాళ్ళు?"

"మేనేజరు సెక్రటరీ. తమ మనిషని వాళ్ళనుకుంటున్నారు. మన మనిషని మేమనుకుంటున్నాం. ఆవిడేమనుకుంటుందో దేవుడికెరుక." ఆఫీసరు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీ మరదలే."

లైన్‌మన్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడి భార్య. ఏదో కంపెనీలో ఉత్తరాలు రాస్తానని చెప్పేది.

"మొగుడు ఓడలో గుమాస్తా అనే ఆవిడకి తెలుసు. లిస్టులో పేరుందని చెప్పొద్దు. ఎటు దూకుతుందో."

"మా ఇంట్లో నిజం చెప్పేది గోడగడియారం ఒక్కటే అన్నమాట," అంటూ లైన్‌మన్ లేచాడు. లేవడానికి రెండు ప్రయత్నాలు పట్టాయి.

మూడుంబావుకి కంపెనీ మెట్లెక్కాడు. మూడో అంతస్తు. వేషం ఖాకీ చొక్కా, పనిముట్ల సంచి, చెవి దగ్గర పెన్సిలు. ఇరవై ఏళ్ళ క్రితం ఈ బిల్డింగుకి వైర్లు లాగింది అతనే. వేషం వెయ్యక్కర్లేని వేషం.

ముందు సెంటు వాసన వచ్చింది. వెనకాల ఆమె వచ్చింది. నల్లకళ్ళద్దాలు, ఎర్రటి గోళ్ళు, నేలకి మేకులు కొడుతున్నట్టు చప్పుడు చేసే చెప్పులు.

"లైన్లో గరగరా?" అన్నాడు. అది కోడ్.

"గరగర కాదు, గుయ్యిమంటోంది." అదీ కోడే. ఆమె అతణ్ణి చూసింది. మొహంలో ఏమీ కదలలేదు. అక్కడే ఆమె పనితనం తెలిసింది అతనికి.

మేనేజర్ని సంతకాలకని పక్కగదిలోకి తీసుకుపోయింది. లైన్‌మన్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక్క వేలితో AT కొట్టాడు. OK అంది. మనుషులకన్నా నయం అనుకున్నాడు. AT&V కొట్టాడు. పాత నంబరు కనిపించింది. మొదట సున్నా, దాని పక్కన చిన్న గీతలేవో, తర్వాత పొడుగాటి నంబరు. స్క్రీను తుడిచి ఏడాదై ఉంటుంది. ఈగల మరకలనుకున్నాడు. బయటి లైనుకి సున్నా, పక్కనే డిపార్ట్‌మెంటు ఆరంకెల నంబరు కొట్టి దాచమన్నాడు. OK అంది.

మరదలు గుమ్మంలోకి వచ్చింది. "అయిందా బావగారూ?"

"అయింది."

"ఏం పంపుతున్నారో నాకెవరూ చెప్పరు. ఇటువాళ్ళూ చెప్పరు, అటువాళ్ళూ చెప్పరు. కాఫీలు మాత్రం ఇద్దరూ నాచేతే తెప్పిస్తారు."

లైన్‌మన్ సంచి భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు. అబద్ధాలు మొయ్యడానికి ఇక ఓపిక లేదు.

"పదకొండు పేర్లు. మూడోది మావాడిది."

"ఆయన ఓడలో..."

"ఓడా లేదు, గాడిదగుడ్డూ లేదు. నీలాగే వాడూనూ."

ఆమె కళ్ళద్దాలు తీసింది. కళ్ళు ఒత్తుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "నన్నేం చెయ్యమంటారు?"

"ఏమీ చెయ్యకు. ఆ మేనేజర్నీ ఏమీ చెయ్యనివ్వకు."

నాలుగయింది. లైన్‌మన్ మెట్ల మలుపులో వైర్ల పెట్టె పక్కన కూర్చుని బీడీ వెలిగించాడు. తెరిచిన తలుపులోంచి మోడెమ్ స్పీకరు వినిపిస్తోంది. లైను తీసింది. గుయ్యిమంది. ఏడంకెలూ గడగడా ఒక్క ఊపిరిలో తిప్పేసింది.

"హలో, ఎవరూ?" అంది స్పీకర్లో ఎవరో ముసలావిడ. "మాట్లాడరేం? నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

లైన్‌మన్ చేతిలో బీడీ కిందపడింది.

ఈ బిల్డింగు ఎక్స్చేంజి పాతది. సున్నా తిప్పాక బయటి లైను ఇవ్వడానికి నాలుగు సెకన్లు తీసుకుంటుంది. ఈలోపు తిప్పిన అంకెలు గాలికి పోతాయి, మిగిలినవి ఎవరింట్లోనో మోగుతాయి. ఆ సంగతి అతని వేలికి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. సున్నా తిప్పగానే వేలు దానంతటదే ఆగేది. ఆగుతున్నానని అతనికే తెలీదు. మోడెమ్‌కి వేలు లేదు. ఆగమని దానికి చెప్పాలి. సున్నా పక్కన ఉన్నవి ఈగల మరకలు కావు, కామాలు. మోడెమ్ భాషలో కామా అంటే రెండు సెకన్లు ఆగమని.

"కలవలేదు!" మేనేజరు గొంతు. "ఆ రెండో నంబరు నేనే కొట్టేస్తా."

"కొట్టండి సార్," అంది మరదలు తాపీగా. "మూడుసార్లూ చూడాలని రూలు రాసింది మీరే. పైవాళ్ళడిగితే ఒక్కసారికే కంగారుపడ్డారని నేనే చెప్పాల్సొస్తుంది."

మేనేజరు మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

రెండోసారి తిరిగేసరికి లైన్‌మన్ పెట్టె మూత విప్పుతున్నాడు. "మళ్ళీ నువ్వేనా, వెధవా!" అంది ముసలావిడ. మూడోసారికి అతని చేతికి ఆ మోడెమ్ వైర్ల జత దొరికింది.

మోడెమ్ నంబరు తిప్పడం అయింది. ఇక అవతలి మోడెమ్ కూత కోసం యాభై సెకన్లు చెవి ఒగ్గి కూర్చుంటుంది. ఎవరు తిప్పినా దానికి ఒకటే. కూత వినబడితే చాలు. లైన్‌మన్ జత తెంపాడు. మోడెమ్ వైపు కొసలు వదిలేశాడు. ఎక్స్చేంజి వైపు కొసలకి తన టెస్టు ఫోను తగిలించాడు. తిప్పుడు డయలు ఫోను.

సున్నా తిప్పాడు. వేలు ఆగింది. బయటి టోను వచ్చింది.

డిపార్ట్‌మెంటు నంబరులో అన్నీ తొమ్మిదులూ ఎనిమిదులే. ఒక్కో అంకె వెనక్కి తిరిగి రావడానికి ఒక యుగం. నాలుగో అంకె దగ్గర చెమటకి వేలు జారింది. పదిహేను సెకన్లు పోయాయి. పెట్టేసి మళ్ళీ మొదలుపెట్టాడు. సున్నా. ఆగాడు. తొందరపడితే తమ్ముడుండడు. ఆగాడు. టోను. తొమ్మిది. ఎనిమిది. లోపల మేనేజరు కుర్చీ కిర్రుమంది. ఆరో అంకె వెనక్కి తిరిగింది. అవతల ఒక్క రింగు. తర్వాత చెవి చిల్లుపడేలా కూత.

రెండు చేతులతో నాలుగు కొసలూ మెలిపెట్టి కలిపేశాడు.

స్పీకర్లో కీచుమంది, బరబరమంది, ఆగిపోయింది.

"కనెక్ట్!" అని అరిచాడు మేనేజరు. "నలభై తొమ్మిదో సెకను! ప్రాణం పోయిందనుకో!"

"అయ్యో సార్," అంది మరదలు.

అరగంట తర్వాత మేనేజరు 'అందింది' అన్న జవాబు చూసుకుని, తన గదిలో కాపీలన్నీ కాల్చి, చేతులు దులుపుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. గేటు దగ్గర డిపార్ట్‌మెంటు పెద్దమనుషులు నలుగురు అతనికి కారు తలుపు తీసి పట్టుకున్నారు.

లైన్‌మన్ ఇంకా మెట్లమీదే ఉన్నాడు. మోకాలు లేవనంటోంది. మరదలు వచ్చి పక్కన కూర్చుంది. చెప్పులు విప్పేసింది.

"ఆయన్ని వెనక్కి పిలిపిస్తున్నారట. వచ్చేవారం ఇంటికొస్తారు."

"మంచిదేగా."

"ఓడ కబుర్లు చెబుతారు. వినాలా బావగారూ?"

"విను. నువ్వు కంపెనీలో రాసిన ఉత్తరాల గురించి వాడు అడుగుతాడు. చెప్పు."

"అన్నీ అబద్ధాలే కదా!"

"తెలిసిన అబద్ధాలేగా," అంటూ లైన్‌మన్ ఆమె భుజం ఆసరాగా లేచాడు. "చాలా కాపురాలకి ఆ వసతి కూడా లేదమ్మా."