కొయ్యకు లేని మోకు

ఆ రోజు లచ్చవ్వ చేయాల్సిన పనులు: వాకిలి చల్లడం, బర్రెకు కుడితి పెట్టడం, పాలకుర్తి చౌరస్తాలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె చేస్తున్నవాళ్ల వంటావార్పుకు బియ్యం పట్టుకుపోవడం, మోకుకు పసుపు పెట్టడం.

చివరి పని దగ్గర ఆగిపోయింది. కొయ్యకు మోకు లేదు.

మొగుడు భద్రయ్య తాటిచెట్లెక్కిన తాడు అది. రెండేళ్ల కింద కొడుకు యుగేందర్ దానితోనే ఎక్కి జారిపడ్డాడు. కుడి కాలు మోకాలి పైదాకా తీసేశారు. ఈ ఇంట్లో ఇంకెవరూ చెట్టెక్కరని భద్రయ్య ఆ మోకు పట్టుకునే ఒట్టేశాడు. కల్లుగీత మానినా మోకును పారేయరు. గురువారం గురువారం పసుపు పెట్టేది లచ్చవ్వే.

నిన్న అంగీ మారుస్తుంటే యుగేందర్ నడుముకు ఎర్రటి తాడు గీత కనిపించింది. అడిగితే, "చంకకర్ర ఒరుసుకుందవ్వా" అన్నాడు. చంకకర్ర నడుముకెట్ల ఒరుసుకుంటుంది? రెండేళ్లుగా కంచంలో సగం వదిలేసేవాడు, వారం నుంచి మారు అన్నం అడుగుతున్నాడు. పోవాలనుకున్నవాళ్లు కడుపునిండా తిని పోతారని ఎవరో అన్న మాట గుర్తొచ్చింది. ఊరూరా రాష్ట్రం కోసం ప్రాణం తీసుకుంటున్న పిల్లల వార్తలు వింటున్న రోజులవి.

బియ్యం మూటతో చౌరస్తాకు పరుగు తీసింది. రోడ్డు మీద ఎల్లక్క పప్పు కలుపుతోంది.

"మావోడేడి ఎల్లక్కా? వంటావార్పుకని రోజు ఈడికే వస్తుండు గద."

"వారం సంది మొఖమే సూపలే. పొద్దుగాల పత్తి గోదాం దిక్కు పోంగ సూసిన. ఏందే, ఏమైంది?"

లచ్చవ్వ అప్పటికే మూటతోనే గోదాం దిక్కు ఉరికింది. గోదాం తలుపు తోసింది. కొడుకు తాడుకు వేలాడుతున్నాడు.

మూట చేజారి బియ్యం చెల్లాచెదురైంది. అప్పుడు తెలిసింది, తాడు నడుముకుందని. గోడ నిండా చెక్కముక్కలు బిగించి ఉన్నాయి. వాడు రెండు చేతులతో, ఒక్క కాలితో పైకి పాకుతున్నాడు. కింద పత్తి బస్తాలు పరిచి ఉన్నాయి. పక్కన సమ్మెతో బడి లేని డ్రిల్లు సారు మహిపాల్. తాడు రెండో కొస పట్టుకుని, పొద్దున గడ్డికని పోయిన మొగుడు.

"మోకు మీద ఒట్టేసిన చేతులేనా గివి?"

భద్రయ్య తాడు వదల్లేదు. "చెట్టెక్కియ్యలే గదనే. గోడనాయె."

"గోడ మీదికెల్లి పడితే బొక్కలు ఇరగవా?"

"పడనియ్యం అక్కా," అన్నాడు మహిపాల్. "కాలు లేనోళ్లు గిట్ల ఎక్కుడు హైదరాబాదుల సూసి నేర్సుకొచ్చిన. కాలు లేని దిక్కు బెల్టు జారుతుంటే భద్రయ్యన్ననే మోకుతోని నడుముకు కట్టు కట్టిండు."

"మీరు ఊకోండ్రి సారు. పోయేది మీ కొడుకు కాదు."

పైనుంచి యుగేందర్ నెమ్మదిగా అన్నాడు. "అవ్వా, రెండేండ్ల సంది నన్ను మీరే మోసిండ్రు. ఈడ నన్ను నేను మోసుకుంటున్న. దిగుమంటే దిగుత. మల్ల ఎక్క."

మారు అన్నం ఎందుకడుగుతున్నాడో లచ్చవ్వకు అప్పుడర్థమైంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. భద్రయ్య వెనక నిలబడి తాడు పట్టుకుంది.

"నీ ఒట్లు నమ్మ. నీ చేతులు గూడ నమ్మ. జర జరుగు," అంది. పైకి చూసి, "ఎక్కు బిడ్డా," అంది.

మీరెక్కడైనా గోడెక్కుతున్న మనిషిని చూస్తే చప్పట్లు కొట్టండి. కానీ కింద, మొగుణ్ణి నమ్మక తాడు కొస పట్టుకున్న లచ్చవ్వను కూడా ఒక్కసారి యాది చేసుకోండి.